సాయంత్రం మేడం

పిల్లల క్షేమం గురించి నాకు ఇంకొకరు పాఠం చెప్పాలా అని ఆ కాగితం చూడగానే ఒళ్ళు మండింది. ఇరవై ఏడేళ్ళ సర్వీసు నాది. అల్లవరం చుట్టుపక్కల నా చేత లెక్కలు చెప్పించుకోని ఇల్లు వెతికి చూపించమనండి. అలాంటిది, ఆన్‌లైన్ భద్రత మీద ఉపాధ్యాయులకు అమలాపురంలో రెండు రోజుల శిక్షణ, బడికి ఒకరు తప్పకుండా హాజరు కావాలి అని ఉత్తర్వు రావడం ఆలస్యం, మా హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు నా పేరు రాసి పంపేశారు.

"కృపావతి మేడం గారూ, మీ గొంతుతో చెప్తే ఊరంతా వింటారండి. మేం చెప్తే ఎవరింటారండీ?" అన్నారు ఆయన. పొగిడితే నేను పడిపోతానని ఆయనకు బాగా తెలుసు.

ఆ గొంతు సంగతి చెప్పాలి. మూడేళ్ళుగా రోజూ తెల్లవారుజామున ఐదున్నరకి మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో నేను బైబిలు వాగ్దానం చదివి వినిపిస్తాను. ఒక వాక్యం, రెండు ముక్కల్లో దాని వివరణ, ఆ తర్వాత ప్రార్థన విన్నపాలు. ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరి పిల్ల పరీక్ష రాస్తోందో, ఎవరి భర్త దుబాయ్‌లో చిక్కుల్లో ఉన్నాడో, అందరినీ పేరు పేరునా తలుచుకుంటాను. పేరు వదిలేస్తే చిన్నబుచ్చుకుంటారు. "మా మనవరాలి పేరు చెప్పలేదేంటండీ" అని ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గరే నిలదీస్తారు. అందుకని పేరు, తరగతి, బడి, ఊరు, కష్టం అన్నీ కలిపి చెప్పడం అలవాటు చేసుకున్నాను. మా తమ్ముడి కొడుకు జీవన్ అవన్నీ యూట్యూబులో కూడా పెట్టాక మస్కట్ నుంచీ కువైట్ నుంచీ వినడం మొదలుపెట్టారు. మేడం గారి గొంతు వినకపోతే మాకు తెల్లారదండీ అంటూంటే నాకు గర్వంగానే ఉండేది. అబద్ధమెందుకు?

శిక్షణ ఇచ్చినతని పేరు శ్యామ్ సుందర్. కాకినాడ నుంచి వచ్చాడు, ముప్పై ఏళ్ళు ఉంటాయో లేదో. మైకు పనిచేయలేదు, ఫ్యాన్లు మాత్రం గోలగా తిరిగాయి. దాంతో అతను చెప్పినదాంట్లో సగం మా దాకా రాలేదు. పాస్‌వర్డులు, ఓటీపీలు, తెలియని వాళ్ళ స్నేహాలు, అన్నీ చెప్పాడు. రెండో రోజు చివర్లో "ఇప్పుడు గొంతులు కూడా తయారు చేసేస్తన్నారండీ" అని ఏదో మొదలుపెట్టాడు. మూడున్నర బస్సు తప్పిపోతుందని నేను ముందే సంతకం పెట్టేందుకు లేచాను. సంతకం పెట్టి వచ్చేసరికి ఆ ముక్క అయిపోయింది. అతని నెంబరు మాత్రం బోర్డు మీద ఉంటే రాసుకున్నాను.

నాకు నచ్చింది ఒక్కటే, చెయ్యి బొమ్మ. పిల్లలు కాగితం మీద చెయ్యి ఆనించి చుట్టూ గీత గీయాలి. ఫోనులో ఏదైనా భయపెట్టేది ఎదురైతే ఎవరితో చెప్పుకుంటారో ఒక్కో వేలిమీద ఒక్కో పెద్దవాళ్ళ పేరు రాయాలి. "ఆ ఐదుగురిలో ఒకరు బళ్ళో మనిషి అవ్వాలండీ. అది మీరే అవ్వాలి" అన్నాడు శ్యామ్ సుందర్. నేను కాక ఇంకెవరవుతారులే అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఏడో తరగతిలో ఆ బొమ్మలు వేయించాను. బెంచీల మధ్య తిరుగుతూ చూస్తుంటే దాదాపు ప్రతి చేతిమీదా నా పేరుంది. కొందరు "కృపవతి" అని రాశారు. మామూలుగా అయితే చెవి మెలేసేదాన్ని, ఆ పూట క్షమించేశాను. కిటికీ పక్క బ్లెస్సీ కాగితం దగ్గర ఆగాను.

బ్లెస్సీ తల్లి రేచల్ నాలుగేళ్ళుగా మస్కట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. తండ్రి లేడు. పిల్లని అమ్మమ్మ వీరాయమ్మ చూసుకుంటుంది. మాట తక్కువ పిల్ల. దాని కాగితం మీద నాలుగు వేళ్ళు ఖాళీగా ఉన్నాయి. బొటనవేలి మీద ఒక్క పేరు: సాయంత్రం మేడం.

ట్యూషన్ చెప్పే ఆవిడ ఎవరో అనుకున్నాను. నా పేరు లేనందుకు కాస్త మనసు చివుక్కుమంది కూడా.

"సాయంత్రం మేడం ఎవరే?"

పిల్ల అటూ ఇటూ చూసింది. గొంతు బాగా తగ్గించి, "మీరేనండీ" అంది. అని నవ్వింది. ఇద్దరికే తెలిసిన గుట్టు పంచుకుంటున్నట్టు, చాలా చనువుగా. ఆ పిల్ల నన్ను చూసి నవ్వడం నేనెప్పుడూ ఎరగను.

పుస్తకాలు మోయించే మిషతో దాన్ని సైన్సు గదిలోకి తీసుకెళ్ళాను. గదిలో ఎవరూ లేరు. "నేనేంటి, సాయంత్రం ఏంటి? సరిగ్గా చెప్పు" అన్నాను.

"రోజూ ఆరింటికి మీరు ఫోన్లో మాటలు పంపుతారు కదండీ. నేను టైపు చేసి పంపుతాను, మీరు గొంతుతో పంపుతారు" అంది బ్లెస్సీ.

"నేనెప్పుడూ నీకు ఏమీ పంపలేదు."

ఆ పిల్లేమీ తెల్లబోలేదు. తలుపు బయట హెడ్మాస్టరు గారు నడిచి వెళ్తుంటే ఆ వైపు ఒకసారి చూసి, అర్థమైనట్టు తలూపింది.

"ఆయ్. అలాగేనండీ. ఎవరైనా చుట్టుపక్కలుంటే నేను కాదంటాను, నువ్వు బెంగపెట్టుకోకు అని మీరు ముందే చెప్పేరు కదండీ."

నేను లేనప్పుడు ఎవరో నాలా మాట్లాడటం ఒక ఎత్తు. నేను ఎదురుగా నిలబడి ఏమంటానో కూడా ముందుగానే చెప్పేసి ఉంచడం ఇంకో ఎత్తు. కాదని గట్టిగా అన్నకొద్దీ ఆ పిల్లకి నమ్మకం పెరుగుతోంది.

"రేపటి సంగతి కూడా ఎవరికీ చెప్పలేదండీ" అని గుసగుసగా అని, గంట కొట్టగానే పరుగెత్తిపోయింది.

హెడ్మాస్టరు గారికి చెప్పాను. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీరు నిజంగా పంపలేదు కదండీ మేడం గారూ?" అన్నారు. ఇరవై ఏడేళ్ళ సర్వీసుకి ఆయన నాకిచ్చిన మర్యాద అది. కోపంతో స్కూటీ తీసి వీరాయమ్మ ఇంటికి బయల్దేరాను.

దారి పొడుగునా రొయ్యల చెరువులు. ఏరేటర్లు నీళ్ళని చిలుకుతున్నాయి, మనిషి జాడ లేదు. గట్టు మీద స్కూటీ ఆపి శ్యామ్ సుందర్‌కి ఫోను చేశాను. అతను అడ్డు రాకుండా విన్నాడు.

"మేడం, మీ గొంతు ఎక్కడైనా రికార్డయి ఉందాండీ? అర నిమిషం దొరికినా చాలండి, కంప్యూటరుతో మీ గొంతులో ఏ మాట కావాలంటే ఆ మాట పలికించేస్తారు."

అర నిమిషం. మూడేళ్ళు, రోజుకి ఎనిమిది నిమిషాలు.

"పిల్ల వివరాలు వాళ్ళకి ఎలా తెలిశాయంటారు?" అన్నాను.

"ఎవరో ఒకరు చెప్పే ఉంటారండీ" అన్నాడు. పాపం, అతనికేం తెలుసు? తర్వాత వరసగా చెప్పాడు. ఫోనులో ఏదీ చెరపొద్దు. పోలీసులకి తను కబురు చేస్తాడు. "కానీ ముందు ఆ పిల్ల మిమ్మల్ని నమ్మాలండి. ఈ నెంబరు మూయిస్తే ఇంకో నెంబర్నించి వస్తారండి. పిల్ల తనంతట తాను ఆగకపోతే మనం ఎన్ని తాళాలేసినా లాభం లేదండి."

నేను వెళ్ళేసరికి వీరాయమ్మ వాకిట్లో కూర్చుని కొబ్బరాకులు చీరి ఈనెలు తీస్తోంది. నన్ను చూసి మోకాళ్ళు పట్టుకుని లేచి కుర్చీ తుడిచింది.

"రండి మేడం గారూ. రోజూ మా పిల్లతో మాట్టాడతన్నారంట గదండీ. తల్లి దగ్గర లేని పిల్లండి, మీ రుణం తీర్చుకోలేనండి" అంది ఆవిడ, రెండు చేతులూ జోడించి.

ఆ దండం నా కోసం కాదు. తీసుకోలేక తల వంచుకుని లోపలికి వెళ్ళాను. బ్లెస్సీ మంచం మీద కూర్చుని ఫోను చేత్తో పట్టుకుని ఉంది. అడగగానే ఇచ్చింది. ఆ నెంబరుకి ఉన్నది నా ఫొటోయే. క్రిస్మస్‌కి కట్టుకున్న తెల్లచీర. కింద వరసగా గొంతు సందేశాలు, రెండు నెలలవి. మొదటిది నొక్కాను.

"బ్లెస్సీ, అన్నం తిన్నావా అమ్మా?"

నా గొంతే. మాట మొదలుపెట్టే ముందు చిన్నగా గొంతు సవరించుకోవడం నాకు అలవాటు. అది కూడా సవరించుకుంది. నాలాగే 'అమ్మా' దగ్గర సాగదీసింది. వింటూ వింటూ నా పెదాలు వాటంతటవే కదులుతుంటే గమనించి నోరు మూసుకున్నాను. ఈనెల కట్టతో నా వెనకే లోపలికొచ్చిన వీరాయమ్మ నా మొహం వైపూ ఫోను వైపూ మార్చి మార్చి చూస్తోంది.

ఇంకొకటి నొక్కాను. "ఇవాళ లెక్కల్లో చెయ్యెత్తావు, నేను చూశాను. అందరి ముందూ నిన్ను ముద్దు చేస్తే మిగతావాళ్ళు ఓర్చుకోలేరు బంగారం. బళ్ళో నేను కోప్పడితే పట్టించుకోకు. అక్కడ అలా ఉండాలి. అసలు నేను ఇదీ." పిల్ల రోజూ జరిగిందంతా టైపు చేసి పంపుతుంటే, ఆ గొంతు అదంతా తిరిగి దానికే వడ్డిస్తోంది. అంతవరకూ అర్థమైంది. ఒకచోట అది నవ్వింది. నిండుగా, హాయిగా. నేను అలా నవ్వి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఇంకోచోట రేచల్ కోసం ప్రార్థన చేసింది. చెప్పడానికి సిగ్గేస్తోంది, నేను చేసేదానికన్నా బాగా చేసింది.

నిన్నటిది చివరగా విన్నాను.

"రేపు కాక ఎల్లుండి, శుక్రవారం, మీ అమ్మ వస్తోంది. అమ్మమ్మకి చెప్పకు, ఒక్కసారిగా చూసి సంతోషపడాలి. యూనిఫాం వేసుకుని, బ్యాగు తగిలించుకుని బడికి వెళ్తున్నట్టే బయల్దేరు. ఎనిమిదిన్నరకి అమలాపురం బస్టాండు బయట తెల్ల కారు ఉంటుంది. డ్రైవరు నా పేరు చెప్తాడు. ఇద్దరం కలిసి విమానాశ్రయానికి వెళ్దాం. ఆధార్ కార్డు మర్చిపోకేం?"

వీరాయమ్మ చేతిలో ఈనెల కట్ట కింద పడిపోయింది. "రేచలొత్తందా?" అంది.

"రావడం లేదమ్మా. ఇది నేను కాదు. ఎవరో దొంగలు నా గొంతు తయారుచేసి పిల్లని ఎత్తుకుపోవాలని చూస్తున్నారు" అన్నాను.

"గొంతు మీదేనండీ. మూడేళ్ళ నించీ పొద్దున్నే ఇంటన్నాను, నాకు తెలీదాండీ?" అంది వీరాయమ్మ. ఆవిడ మొహంలో భయం మొదలైంది. ఆ భయం ఫోనుని చూసి కాదు, నన్ను చూసి.

రేచల్‌కి ఫోను కలిపాను. స్విచ్ఛాఫ్. శుక్రవారం సాయంత్రం తప్ప ఆ ఇంటివాళ్ళు ఫోను ముట్టుకోనివ్వరు. కష్టపడుతున్న సహోదరి రేచల్ వారానికి ఒక్కరోజే బిడ్డతో మాట్లాడగలుగుతోంది ప్రభువా అని, ఆ సంగతి కూడా నేనే ఎన్నోసార్లు లోకానికంతా వినిపించాను. రేచల్ ఫోను చేసే వేళకి పిల్ల ఎంత దూరంలో ఉండేదో! ఎవరో ఒకరు చెప్పే ఉంటారన్నాడు శ్యామ్ సుందర్. ఆ ఎవరో నేనే. బడి పేరు, తరగతి, తండ్రి లేడని, తల్లి దూరమని, పిల్ల దిగులుగా ఉంటోందని, మోకాళ్ళ నొప్పులతో అమ్మమ్మ దూరం నడవలేకపోతోందని. ఎవరూ దొంగిలించలేదు, నేనే కూర్చోబెట్టి చెప్పాను.

"అమ్మ రాదాండీ?" అంది బ్లెస్సీ.

"రాదమ్మా."

"అమ్మ వస్తాదని మీరే చెప్పేరు. ఇప్పుడు అమ్మమ్మ ముందు కాదంటన్నారు. నేను నమ్మనండీ." పిల్ల కళ్ళలో నీళ్ళు లేవు, పట్టుదల ఉంది. దాన్ని గదిలో పెట్టి గొళ్ళెం వేయొచ్చు. రేపు ఒక్కరోజుకి. నన్ను నమ్మడమంటే తల్లి రాదని నమ్మడం. ఏ పిల్లకి అంత అవసరమేం వచ్చింది?

చీకటి పడలేదు గానీ కొబ్బరిచెట్ల నీడలు ఇంట్లోకి వచ్చేశాయి. ఆరు కావస్తోంది.

"ఒక పని చెయ్యి. దాన్ని ఒక ప్రశ్న అడుగు. నీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియనిది. ప్రార్థనలో రానిది, నువ్వు ఫోనులో ఎప్పుడూ చెప్పనిది. నా చేతులు చూడు, నా నోరు చూడు. నేనెక్కడా కదలను" అని కుర్చీలో కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాను.

బ్లెస్సీ చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఫోను నాకు కనపడకుండా తిప్పుకుని ఏదో టైపు చేసింది. ఎదురు చూశాం. చెరువు మీది ఏరేటర్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నా గొంతు నా నోట్లోంచి కాకుండా రావడం కోసం నేను అలా కూర్చుని ఎదురు చూడటం నా జన్మలో మర్చిపోలేను.

ఫోను మోగింది. పిల్ల నొక్కింది.

"బంగారం, నేను నిన్నెప్పుడైనా ఒక్క మాటైనా అన్నానా? నువ్వంటే నాకు ప్రాణం కదమ్మా. అలాంటివేవీ మనసులో పెట్టుకోకు. రేపు అమ్మని చూస్తావు."

వీరాయమ్మ "యేసయ్యా" అంటూ గోడకి జారబడింది. నేను పెదవి కదపలేదని ఆవిడ కళ్ళారా చూసింది. కానీ బ్లెస్సీ ఆవిడని చూడటం లేదు. నన్నే చూస్తోంది.

"ఇప్పుడు మీరు చెప్పండి" అంది.

"ఏమడిగావమ్మా?"

"ఆరో తరగతిలో ఒకరోజు బాగా వానొచ్చింది కదండీ. నేను తడిసిపోయి లేటుగా వచ్చేను. అందరూ లోపలికెళ్ళిపోయేరు. మీరు నన్ను వరండాలో ఆపి ఒక మాటన్నారు. నేనెవరికీ చెప్పలేదండి, అమ్మక్కూడా. అదేంటో చెప్పమన్నానండి."

నాకు గుర్తొచ్చింది అనడం అబద్ధం. నేను ఎప్పుడూ మర్చిపోలేదు. ఆ రోజు తనిఖీ ఉంది, పై అధికారుల దగ్గర మాట పడ్డాను, ఆ కోపం ఎవరిమీదో చూపించాలి. బురద కాళ్ళతో, హోంవర్కు లేకుండా ఈ పిల్ల ఎదురైంది. మర్నాడు పొద్దున్నే దాని పేరు పెట్టి ప్రార్థన కూడా చేశాను, బాగానే చేశాను.

గుర్తులేదమ్మా అనేయొచ్చు. వీరాయమ్మ వింటోంది. రేపు ఊరంతా వింటుంది. అంతకన్నా సులువైన మాట లేదు. కానీ ఫోను ఇప్పుడే చెప్పిన మాట అదే కదా. నేనూ అదే చెప్తే, ఆ గొంతుకీ నాకూ ఈ పిల్ల తేడా ఎలా కనుక్కుంటుంది?

"మీ అమ్మ డబ్బుల కోసం పోలేదే, నిన్ను భరించలేక పోయింది అన్నాను" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. "నా కడుపున నీలాంటిది పుడితే నేనూ పారిపోయేదాన్ని అని కూడా అన్నాను."

వీరాయమ్మ నోటిమీద కొంగు పెట్టుకుంది. బ్లెస్సీ కదలకుండా నిలబడి, లెక్క సరిచూసుకుంటున్నట్టు పెదాలతో ఆ మాటలు ఒకసారి అనుకుంది.

"ఆయ్. అదేనండీ" అంది. "మా మేడం మీరేనండీ."

ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నేను ఏడుస్తూ చెయ్యి చాపాను. ఆ చెయ్యి తగలకుండా పక్కకి తప్పుకుని, వెళ్ళి అమ్మమ్మ వెనకాల నిలబడింది. అంతలో ఒళ్ళో ఫోను మళ్ళీ వెలిగింది. బ్లెస్సీ అమ్మమ్మ భుజం మీదనుంచి దానివైపే చూస్తూ అప్పుడు ఏడ్చింది.